పెదాలు కదిపితే చాలట

ఈ రోజు హైదరాబాద్ నుంచి ఒక పాటల బృందం మా కొత్తపేట చర్చికి వచ్చింది. ఆడవాళ్లందరికీ కలిసి పాడటం నేర్పుతామన్నారు. పెళ్లయి వచ్చాక నేను ఇక్కడ గొంతెత్తడం అదే మొదటిసారి. ఒక చరణం కాకముందే వాళ్ల మేడమ్ వచ్చి, "నీ శ్రుతి కలవట్లేదమ్మా. ఊరికే పెదాలు కదుపు" అంది.

మా అత్తగారు ఊరుకోలేదు. "అదేంటండీ, నేర్పడానికే కదండీ వచ్చేరు?"

"వీడియో తియ్యాలండీ, టైం లేదు."

సిగ్గుతో చచ్చిపోయి "ఆయ్" అన్నాను. పాటంతా చేపలా నోరు తెరుస్తూ మూస్తూ నిలబడ్డాను.

సాయంత్రం ఆ వీడియో పెట్టారు. మధ్యలో నా ముఖమే. కింద "పల్లె మహిళల గొంతును లోకానికి వినిపిస్తున్నాం" అని రాశారు.

అందులో నా గొంతు ఎవరికైనా వినబడితే చెప్పండి, నేనూ వింటాను.