వ్రతం రోజు గ్యారేజ్‌లో ఆక్సొలాటిల్

మా అమ్మాయి పెంచుకునే ఆక్సొలాటిల్ తిండి మానేసింది. అదొక గులాబి రంగు జీవి, చల్లటి నీళ్లలోనే బతుకుతుంది, మెడకు రెండువైపులా ఈకల్లాంటి మొప్పలుంటాయి. మామూలుగా వానపాము కనిపిస్తే చాలు, గుటుక్కున మింగేది. ఇప్పుడు మూతి దగ్గర పెట్టినా తల తిప్పేసుకుంటోంది.

పిల్లకి అదే లోకం. నీళ్లు టెస్ట్ చేసింది, కొన్ని మార్చింది, వానపామును ముక్కలు చేసి పట్టకారుతో అందించి చూసింది. తొట్టిలో అన్నీ సరిగ్గానే ఉన్నాయి. "అమ్మా, నేనేమైనా రాంగ్ చేశానా? చచ్చిపోతుందా?" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. పప్పులో పోపు వేస్తూ, "నువ్వేం చేశావే, అదే తింటుందిలే" అన్నాను. నా నోరు పడిపోను, ఎంత తేలిగ్గా అన్నానో!

చేసింది నేను. ఆ ముందు శుక్రవారం మా ఇంట్లో వరలక్ష్మీ వ్రతం. అమెరికాలో మేముండే అరోరాలో తెలిసిన ఆడవాళ్లందరినీ పేరంటానికి పిలిచాను. హాల్లో కలశం పక్కనే దీని తొట్టి. "బల్లిని పెంచుతున్నారేంటండీ" అంటారని నాకు ముందే తల కొట్టేసినట్టయింది. పిల్ల స్కూల్‌కి వెళ్లగానే దాన్ని బకెట్‌లో వేసి గ్యారేజ్‌లో పెట్టాను. వాయనాల హడావిడిలో మర్చిపోయాను. తిరిగి వెళ్లేసరికి ఎండకు గ్యారేజ్ ఉడికిపోతోంది, బకెట్‌లో నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయి. ఏమీ ఎరగనట్టు తీసుకెళ్లి తొట్టిలో వదిలేశాను.

చివరికి దాన్ని జంతువుల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాం. ఈమధ్య ఎప్పుడైనా నీళ్లు వేడెక్కాయా అని ఆవిడ అడిగింది. "నెవర్!" అంది పిల్ల, పౌరుషంగా. ఇంక ఉండలేక బకెట్ సంగతి చెప్పేశాను. సిగ్గుతో తలెత్తలేకపోయాను.

పిల్ల అరవలేదు. "ఆంటీస్ ఏమనుకుంటారనా, అమ్మా?" అంది. నాలుగు తిట్టినా బాగుండేది.

నీళ్లు చల్లగా ఉంచి, కదపకుండా వదిలేయమన్నారు. కొన్నాళ్లకు ఒక చిన్న ముక్క మింగింది. పిల్ల గంతులేస్తూ వచ్చి నన్ను వాటేసుకుంది. హమ్మయ్య, గండం గడిచింది, పిల్ల కూడా మర్చిపోయింది అనుకున్నాను.

మొన్న ఒకావిడ టీకి వస్తానని ఫోన్ చేసింది. నేను కప్పులు తీస్తుంటే పిల్ల తన దుప్పటి తెచ్చి తొట్టి మీద కప్పుతోంది.

"ఎందుకే అది?"

"ఆంటీ చూడకుండా. గ్యారేజ్ కన్నా ఇది బెటర్ కదా, అమ్మా?"

తీసెయ్యమని చెప్పబోయాను. ఇంతలో బెల్ మోగింది. దుప్పటి అంచు కిందికి సర్ది, వెళ్లి తలుపు తీశాను.