బెతెస్థ కాంప్లెక్స్ కేస్ షీట్

శాంతకుమారి సిస్టరమ్మకు ఉన్నది ఒక్కటే పిచ్చి. ఏది కనిపించినా దానికి కేస్ షీట్ రాస్తుంది. మనుషులకు రాస్తే ఎవరూ ఏమీ అనరు. మిర్యాలగూడ దవాఖానలో ముప్పై నాలుగేళ్లు నర్సుగా చేసిన మనిషి, చెయ్యి ఊరుకోదు, రాసుకోనీ అనుకుంటాం. ఆమె రాసేది బిల్డింగుకి. షట్టర్లకి, నీళ్ల మోటారుకి, మీటర్ బోర్డుకి, ఆఖరికి మెట్ల మీది ట్యూబ్‌లైటుకి కూడా.

రిటైరైన నెలకే ఆమె కోదాడ వచ్చింది. అక్కడ వాళ్ల అన్నగారు ప్రేమ్ కుమార్ కట్టించిన బెతెస్థ కాంప్లెక్స్ ఉంది. ఆయన ఉండేది సూర్యాపేటలో, కాబట్టి చూసుకునే బాధ్యత చెల్లెలి మీద పడింది. పైన ఒక గదిలో ఆమె మకాం, కింద పన్నెండు షట్టర్లు. వచ్చిన వారంలోనే షట్టర్ నంబర్లు చెరిపించి, బెడ్ నంబర్లు రాయించింది. మూడో బెడ్డు మన ఐలన్నది.

ఐలన్నది తుంగతుర్తి. తాతల నుంచీ గొర్రెల మందలున్న ఇల్లు. ఆయనొక్కడే మంద వదిలి, కోదాడలో మ్యాచింగ్ సెంటర్ పెట్టాడు. ఆరడుగుల మనిషి బుంగమీసాలతో జాకెట్ ముక్కల మధ్య కూర్చుని, "గిది శిలకపచ్చ గాదక్కా, మామిడి పిందె రంగు" అంటుంటే ఆడవాళ్లు నోరెత్తకుండా కొనుక్కుపోయేవారు. పొట్టేళ్ల కొమ్ములు పట్టుకుని వంచిన చేతులవి. అలాంటివాడు సిస్టరమ్మ ఎర్ర పెన్ను మూత తీస్తే వణికిపోయేవాడు.

ఒకరోజు పొద్దున్నే పైకెళ్లి మొరపెట్టుకున్నాడు.

"సిస్టరమ్మా, నా షట్టర్ లేస్తలేదు."

"ఎన్ని రోజుల నుంచి?"

"ఇయ్యాల పొద్దుగాల నుంచే."

"ఇంతకుముందు ఎప్పుడైనా ఇలా వచ్చిందా?"

"రాలే."

"నొప్పి ఎత్తేటప్పుడా, దించేటప్పుడా?"

"నాకా, షట్టర్‌కా?"

"ఇద్దరిదీ చెప్పు."

ఇద్దరిదీ రాసుకుంది. షట్టర్‌కి గ్రీజు రాసిచ్చింది. ఐలన్నని ఉప్పు తగ్గించమంది.

ఇక గోడల సంగతి వేరే. పైపు కోసమో వైరు కోసమో ఎవరైనా గోడ పగలగొడితే, వెంటనే పూడ్చనిచ్చేది కాదు. మేస్త్రీ చేతిలో సిమెంటు గట్టిపడుతున్నా సరే, ముందు ఫోటో తీయాలి. ఏ వైరు ఎటు పోయిందో, ఏ పైపు ఎక్కడ తిరిగిందో దాని మీద బాణం గుర్తులు వేయాలి. ఆ ఫోటోలు దాచేది దవాఖాన ఎక్స్‌రే కవర్లలో. వాటిని ఆమె ఎక్స్‌రేలనే అనేది. ఎవరైనా ఫోటోలంటే ఒప్పుకునేది కాదు.

శనివారం వచ్చిందంటే అందరికీ చెకప్. కొట్లో సరుకుని ఉన్నచోటే ఉంచి, యజమానిని గుమ్మంలో నిలబెట్టి ఫోటో తీసేది. ఐలన్న మీసం దువ్వుకుంటే, "నవ్వకు ఐలన్నా, ఇది పెళ్లి ఫోటో కాదు" అనేది. ఈ కాగితాలన్నీ ఒక నీలం డబ్బాలో ఉండేవి. పోలియో చుక్కల మందు మోసుకెళ్లే ఐస్ డబ్బా అది. చుక్క నీరు లోపలికి పోదు. పట్టీ భుజానికి తగిలించుకుని ఆమె వరండాలో నడిచొస్తుంటే, పిల్లలున్న తల్లులు చంకలో బిడ్డని సర్దుకుని వరసలో నిలబడిన సందర్భాలున్నాయి.

ఇదంతా నవ్వుకుని ఊరుకునేదే. కానీ ఒక్క విషయంలో మాత్రం ఐలన్నకు ఆమె మీద కడుపు మండేది. అది సుక్కమ్మ సంగతి.

సుక్కమ్మ వేములపల్లి మనిషి. మొగుడు పోయాక మెట్ల కింద ఒక కుట్టుమిషన్ వేసుకుని, ఐలన్న దగ్గర కొన్నవాళ్ల చీరలకు ఫాల్స్ కుట్టి బతుకుతోంది. ఆమెకు షట్టర్ లేదు, బోర్డు లేదు, కాగితం ముక్క లేదు. ఆ చోటు పోతే ఆమెకు వేరే దిక్కు లేదు. అలాంటి మనిషిని సిస్టరమ్మ రోజూ నిలదీసేది. "ఎన్నింటికి వచ్చావు? మిషన్ ఎక్కడ పెట్టావు? జరిగావా?" అంటూ టేపు పెట్టి మరీ కొలిచేది.

"నిన్ను ఎల్లగొట్టెతందుకు సాక్ష్యం జమ చేస్తున్నది సుక్కమ్మా. జర పైలం," అన్నాడు ఐలన్న.

"రాస్కోనీ తమ్మీ. ఎట్లున్నవని నన్ను దినాం అడిగేటిది గామె ఒక్కతే," అంది సుక్కమ్మ దారం కొరుకుతూ.

ఆ ఏడు వానాకాలం ఆఖర్లో ఆకాశానికి చిల్లు పడింది. ఒక ఆదివారం తెల్లారేసరికి చెరువు అలుగు దాటి, వాగు ఊళ్లోకొచ్చి, మెయిన్ రోడ్డు మీద నడుము లోతు నీళ్లు. ఐలన్న ఆ నీళ్లలో పడుతూ లేస్తూ వచ్చేసరికి జాకెట్ ముక్కలు రోడ్డెక్కి ఖమ్మం వైపు పోతున్నాయి. నూటయాభై రంగులు కలిసి ఒకే రంగయ్యాయి. ఆ రంగుకు ఐలన్న దగ్గర కూడా పేరు లేదు.

పై అంతస్తుల వాళ్లను దించడానికి ట్రాక్టర్ వచ్చింది. సిస్టరమ్మ నీలం డబ్బా నెత్తిన పెట్టుకుని మెట్లు దిగింది.

"పోలియో సుక్కలు ఇంకో ఐతారం ఎయ్యరాదమ్మా," అన్నాడు డ్రైవర్.

"ముందు డబ్బా ఎక్కించు బాబూ. ఖాళీ ఉంటే నేనెక్కుతా."

మూడోనాటికి నీళ్లు తీసి బురద మిగిలింది. అసలు కష్టం అప్పుడు మొదలైంది. కరెంటాఫీసు నుంచి వచ్చిన ఏఈ నవనీత ఖరాఖండిగా చెప్పేసింది.

"గోడల లోపల వైర్లు ఎట్ల పోయినయో తెలిసేదాకా లైను ఇయ్యను. మనుషులు సస్తే జవాబెవరు చెప్తరు?"

పక్క కాంప్లెక్సులో మెయిన్ స్విచ్ కోసం మూడు రోజులు వెతికారు. కట్టినాయన చనిపోయాడు, వైరింగ్ చేసినాయన దుబాయ్‌లో ఉన్నాడు. చివరికి ఆ స్విచ్ పాత క్యాలెండర్ వెనక దొరికింది. దొరికాక అది దేనికి పనిచేస్తుందో తెలుసుకోవడానికి ఇంకో రెండు రోజులు పట్టింది.

బెతెస్థలో మాత్రం సిస్టరమ్మ డబ్బా మూత తీసి, ఎక్స్‌రే కవర్లు చేతికిచ్చింది. ఫోటోలను వెలుతురుకి పట్టి చూడాల్సిన పని లేదు. అయినా ఏఈ వాటిని కిటికీకి పట్టే చూసింది. సిస్టరమ్మ ఇచ్చాక ఎవరైనా అలాగే చూస్తారు.

"ఈ నల్లగున్నదేంది మేడం? షార్ట్ అయిందా?"

"మా అన్నయ్య నీడ. అడ్డం నిలబడొద్దంటే వినలేదు."

ఆ తర్వాత రౌండ్స్ మొదలయ్యాయి. ముందు సిస్టరమ్మ, వెనక ఏఈ, ఆ వెనక ఎలక్ట్రీషియన్, తోక చివర ఐలన్న. "ఒకటో బెడ్డు ఆరింది, లైను ఇవ్వొచ్చు. రెండో బెడ్డు గోడ చెమ్మగా ఉంది, రేపటిదాకా అబ్జర్వేషన్. మూడో బెడ్డుకి మాత్రం స్విచ్ బోర్డు మార్పిడి, ఆపరేషన్ సాయంత్రం." ఐలన్న కళ్లనీళ్లు పెట్టుకోబోయి, అది తనకి కాదని గుర్తొచ్చి ఆగాడు. ఏఈ ప్రతి షీటూ చూసి, గోడలో వైరు ఎక్కడుందన్నారో అక్కడే తవ్వించి సరిచూసుకుంది. నాలుగో రోజుకి కాంప్లెక్సంతా వెలిగింది. ఆ రోడ్డులో మిగతావాళ్లకి నెల పట్టింది.

ఐదోరోజు ప్రేమ్ కుమార్ గారు సూర్యాపేట నుంచి దిగారు. వెనక ట్రాలీలో జనరేటర్. నేరుగా మెట్ల దగ్గరికొచ్చి, "ఇక్కడ దించండి" అన్నారు.

అక్కడ సుక్కమ్మ మిషన్‌కి అంటిన బురద కడుగుతోంది. మిషన్ మీద చెయ్యి అలాగే ఉంచి లేచి నిలబడింది.

"సారూ, గాడ సుక్కమ్మ ఉంటది," అన్నాడు ఐలన్న.

"ఆమెకేమైనా కాగితం ఉందా?"

సిస్టరమ్మ డబ్బా తెరిచింది. ఐలన్న సుక్కమ్మకు అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. తీసిన ఫైలు అన్నిట్లోకీ లావుగా ఉంది.

"చదువు అన్నయ్యా."

"నువ్వే చెప్పు శాంతా, నాకు టైం లేదు."

"'మెట్ల కింద ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు. సుక్కమ్మ, కుట్టుమిషన్. యజమాని స్వయంగా చూసి, ఇష్టపడి, ఉండనిచ్చారు.' కింద సంతకం నీది."

"నేనెప్పుడు పెట్టాను?"

"ప్రతి నెలా ఒకటో తారీఖున. తొమ్మిదేళ్లు. నూట ఎనిమిది సంతకాలు."

ఒకటో తారీఖున అద్దెల కోసం ఆయన రాగానే సిస్టరమ్మ ఎదురుగా నలభై కాగితాలు పరిచేది. బస్సు పోతుందని ఆయన కళ్లు మూసుకుని గీకేసి పోయేవారు.

"మోసం చేశావు."

"చదవమన్నాను. వద్దన్నావు. అదీ రాశాను, ఇదిగో."

ప్రేమ్ కుమార్ గారు కాగితాలు తిరగేశారు. నూట ఎనిమిదీ ఆయన సంతకాలే. అందులో ఒకటి తన పెళ్లిరోజున పెట్టినది, పక్కన పాయసం మరక కూడా ఉంది.

"మరి జనరేటర్ నా నెత్తిన పెట్టుకోనా?"

"నీళ్లొచ్చిన చోటే మళ్లీ పెడతావా? పైన నా గది పక్కన పెట్టించు."

"ఆ మోతకి నీకు నిద్ర పడుతుందా?"

"ముప్పై నాలుగేళ్లు వార్డులో పనిచేశాను. చప్పుడు లేకపోతేనే నాకు భయం."

ఆయన నవ్వాపుకోలేక ట్రాలీవాడితో పైకి తాళ్లు వేయమన్నారు.

ఐలన్న మొహం తిప్పుకుని కళ్లు తుడుచుకున్నాడు; సిస్టరమ్మ అది చూసి ఫైల్లో ఏదో రాసుకుంది. "సిస్టరమ్మా, గీమెను నువ్వు ఎల్లగొడ్తవనుకున్నం. తిట్టుకున్నం గూడ."

"తెలుసు. తారీఖులతో సహా రాశాను."

"మరి అసలు సంగతి మాకెందుకు చెప్పలే?"

"చెబితే ఒకటో తారీఖుకల్లా అన్నయ్య చెవిన పడేది. నీ నోటి సంగతి నీ షీట్లో ఉంది."

సుక్కమ్మ చేతులు తుడుచుకుని ఫైలు వంక చూసింది. "ఇయ్యాల నా మీద ఏం రాసిందో జర సదువు తమ్మీ."

ఐలన్న చదివాడు. "'సుక్కమ్మ తన చోట తిరిగి చేరింది. మిషన్‌కి నూనె పోయాలి. ఐలన్న ఏడ్చాడు.'" చదివి ఉలిక్కిపడ్డాడు. "నేనేడ్వలే సిస్టరమ్మా. గది కొట్టెయ్."

"రికార్డులో కొట్టివేతలుండవు. అభ్యంతరముంటే కింద రాసి సంతకం పెట్టు."

ఐలన్న పెన్ను తీసుకుని, 'కంట్లో దుమ్ము పడింది' అని రాసి, మీసం సవరించుకుని సంతకం పెట్టాడు. సిస్టరమ్మ ఎర్ర పెన్ను మూత తీసి, దాని కింద ఇంకో ముక్క చేర్చింది: 'ఈ రోజు కోదాడలో ఎక్కడా దుమ్ము లేదు. ఉన్నదంతా బురదే.' సాక్షిగా సుక్కమ్మ పొట్ట పట్టుకుని నవ్వుతూ వేలిముద్ర వేసింది.