దొర జీపు టైర్లు

మొన్న షాద్‌నగర్‌లో మా మనవడు తన ఫోర్‌వీల్ బండికి టైర్లు కొంటూ నన్నూ వెంట తీసుకెళ్లాడు. వాడు రోజూ ఫ్యాక్టరీకి వెళ్లేది నున్నటి రోడ్డు మీదే అయినా, కన్ను మాత్రం లోతైన గాడులున్న దిమ్మెల టైర్ల మీద పడింది. "మట్టిల మంచిగ పట్టుకుంటయి గని రోడ్డు మీద మోత మోగుతయి తమ్మీ, జల్ది అరుగుతయి" అన్నాడు దుకాణదారు. మనవడు గడ్డం గోక్కుంటూ నా వంక చూశాడు. నాకు నవ్వొచ్చింది. అది మంచి నవ్వేమీ కాదు, మా బాపు దగ్గర నేర్చుకున్నది.

మాది భువనగిరి సడక్ పక్క ఊరు. మా తాత దొర సవారి బండి ముందు అరుస్తూ ఉరికే వెట్టిమనిషి. దొర వస్తున్నాడని తెలిసి జనం పక్కకు తొలగి తలపాగాలు తీయాలి కదా, అందుకన్నమాట. ఒక ఎండాకాలం మధ్యాహ్నం తాత తూలి పడ్డాడు. దొర బండి ఆపమనలేదు. నడుం మీంచి చక్రం పోయాక తాత వారం రోజులు బతికాడు. తర్వాత బాపు యుద్ధానికి పోయి మిలిటరీ లారీలు నడపడం నేర్చుకొని వస్తే, దొర దాన్నీ వెట్టిలో కలిపేశాడు. సికింద్రాబాదులో కొన్న పాత మిలిటరీ జీపుకు జీతం లేని డ్రైవరు. పూటకింత జొన్న గటక పెట్టేవారు. "ముద్దకు గాదు బిడ్డా, పగకు ఒప్పుకున్న" అని నాకు చెప్పేవాడు.

జీపు టైర్లు అరిగితే దొరా బాపూ ఇద్దరూ సికింద్రాబాదు పోయారు. మిలిటరీ సామాన్లు అమ్మే సాయిబు నిజాయితీపరుడు. రోజూ సడక్ మీద కచేరికి తిరిగే బండికి సాదా టైర్లు చాలని, దిమ్మెలవి గట్టి నేల మీద ఊళ పెడతాయని చెప్పాడు. దొర సాదావాటి మీద చెయ్యి వేశాడు కూడా. బాపు చేతులు కట్టుకొని, "జీపొచ్చినకాంచి ముందల ఉరికెటోడు లేకపాయె దొరా. గీ టైర్లైతే తమరొస్తున్నరని ఊరికి ముందుగాలనే ఎరుకైతది" అన్నాడు. దొర మీసం మీదికి చెయ్యి పోయింది. దిమ్మెలవే నాలుగూ ఎక్కించమన్నాడు.

ఇక చూడాలి మా ఊళ్ల సంబరం. దొర తుపాకుల మనుషులను ఎక్కించుకొని, వెట్టికి ఎదురుతిరిగిన సంఘం వాళ్లను పట్టడానికి బయల్దేరితే, ఆ ఊళ రెండు ఊళ్ల అవతలికి వినిపించేది. జీపు వచ్చేలోపల సంఘంలో తిరిగే మా మేనమామ పెరటి దారిన జొన్నచేలో దూరేవాడు. ఒక్కడూ దొరికేవాడు కాదు. కబురు ముందే చేరవేస్తున్నాడని దొర పటేలును అనుమానించాడు, వంటమనిషిని కొట్టించాడు. టైర్ల మీదికి మాత్రం ఆయన బుద్ధి పోలేదు. వంటమనిషి తిన్న దెబ్బలకే బాపు బాధపడేవాడు.

పోలీసు యాక్షన్‌కు ముందటి వానాకాలం, సంఘం బలం పెరిగి, దొర పట్టపగలు పట్నం పారిపోవడానికి జీపెక్కాడు. ఊరూరా మోత విని జనం సడక్ మీదికి కర్రలతో వచ్చారు. దొర చెమటలు కక్కుతూ, "సప్పుడు రానియ్యకురా" అన్నాడట. "టైర్లు తమరు ఏరినయే గద దొరా" అని బాపు ముందర జనం కనిపించగానే ఇంజను ఆపేశాడు. దొర దండం పెట్టి, ఎట్లాగైనా దాటించమన్నాడు. బాపు జన్మలో మొదటిసారి ఆయన్ని నువ్వన్నాడు. "మా నాయిన పేరు జెప్పు, దాటిస్త."

దొరకు ఆ పేరు తెలియదు. జీపు దిగి, చెప్పులు వదిలేసి జొన్నచేలో పడి పారిపోయాడు.

యాక్షన్ అయ్యాక తెల్ల ఖద్దరు టోపీ పెట్టుకొని నాయకుడై తిరిగొచ్చాడనుకోండి, అది వేరే మంట. ఇప్పుడాయన మనవడు పెళ్లిళ్లలో ఎదురైతే వంగి నమస్కారం పెడతాడు, నెమ్మదస్తుడు. నేను ముఖం తిప్పుకుంటాను. ఎందుకో అతనికి తెలియదు. చెప్పి ఆ పగ కడుక్కునేంత పెద్దమనసు డెబ్బై ఏళ్లు గడిచినా నాకు రాలేదు.