కాలు దాచాను, భుజమూ దాచాను

2002 ఎండాకాలంలో ఒక సాయంత్రం గల్ఫ్‌లో మా కూలీలుండే సోనాపూర్ క్యాంపుకొచ్చి సేఫ్టీ షూ విప్పితే ఎడమ సాక్సు తడిగా ఉంది. చెమట అనుకున్నాను. చూస్తే అరికాల్లో మేకు దిగిన గాయం. ఎప్పుడు దిగిందో తెలియలేదు. నేను కాంక్రీటు పొయ్యడానికి చెక్కలు బిగించే షట్టరింగ్ కార్పెంటర్ని, మేకులు గుచ్చుకోవడం మామూలే. గుచ్చుకున్నట్టు తెలియకపోవడం మాత్రం మామూలు కాదు. ఆ సంగతి అప్పుడు నా బుర్రకెక్కలేదు.

పక్క మంచం ఖాదర్ భాయ్‌ది కడప. "క్లినిక్కుకు పోతే ఫోర్‌మన్‌కు తెలుచ్చాది. అన్‌ఫిట్ రాసి, వీసా క్యాన్సిల్ చేసి ఇంటికి పంపిచ్చారు. నోరు మూసుకోని కట్టు కట్టుకో అబ్బీ" అన్నాడు. నా మేలు కోరే చెప్పాడు. క్యాంపులో అందరం అంతే, జ్వరమొచ్చినా మాత్ర మింగి బస్సెక్కేవాళ్లం. పుండు మీద కాఫీ పొడి అద్ది, గుడ్డ చుట్టి, పన్నెండు రోజులు డ్యూటీ చేశాను. పదమూడో రోజు సైటులో చలిజ్వరంతో కూలబడ్డాను.

ఆసుపత్రిలో షుగరు నాలుగొందలు దాటిందన్నారు. నాకు షుగరుందని వినడం అదే మొదటిసారి. షుగరుతో పాదాల నరాలు మొద్దుబారాయట, న్యూరోపతీ అంటారట, అందుకే నొప్పి తెలియలేదు. పుండు కుళ్లి గాంగ్రీన్ పాదం దాటి పైకి పాకింది. సర్జన్ హైదరాబాదాయన కావడంతో తెలుగులోనే చెప్పాడు: "మొదటి వారంలో వచ్చుంటే పాదం కాపాడేవాళ్లం. ఇప్పుడు బిలో నీ ఆంప్యుటేషన్, అంటే మోకాలి కింద నుంచి తీసెయ్యడం తప్ప దారి లేదు." సంతకం పెట్టాను.

మా ముదీర్, అంటే మేనేజరు, మంచివాడు. ఇంటికి పంపకుండా అల్ ఖూజ్ గోడౌన్లో స్టోర్‌కీపర్‌గా వేశాడు. దాచాల్సిన పనే లేదని అప్పుడైనా నాకు అర్థం కావాలి. కాలేదు.

ప్రోస్థెసిస్, అదే పెట్టుడు కాలు, తొడిగి నడక నేర్పిన ఫిజియోథెరపిస్టు ఒక మలయాళీ అమ్మాయి. ఈత వచ్చా అని అడిగింది. కోనసీమ కాలవల్లో పెరిగినవాణ్ణి అడగాల్సిన ప్రశ్నేనా అది? వికలాంగుల క్రీడా క్లబ్బుకు తనే పంపింది. కాలు విప్పి గట్టున పెట్టి నీళ్లలోకి జారాను. పది గజాలు పోయేసరికి ఏడుపొచ్చింది. అన్నాళ్లకు కుంటకుండా ముందుకు కదిలాను.

క్లబ్బు కోచ్ ఈజిప్టువాడు, అందరూ కెప్టెన్ అని పిలుస్తారు. నా కాలవ ఈత మాన్పించి ఫ్రీస్టయిల్ నేర్పడానికి ఆయనకు ఏడాది పట్టింది. ఒక్క పాదంతో కిక్ కొడితే ఒళ్లు పక్కకు తిరుగుతుంది, దాన్ని భుజాలే సరిచెయ్యాలి. 2005లో మొదటి పోటీలో అందరికంటే చివర వచ్చాను. మరుసటేడు రెండోవాణ్ణి. పొరుగు దేశంలో జరిగే గల్ఫ్ క్లబ్బుల పోటీకి మాలాంటి బయటి దేశాలవాళ్లలో ఒక్కణ్ణే తీసుకెళ్తారు. 2007లో ఆ ఒక్కడూ నేనే కావాలని, అన్నం తింటున్నా అదే ధ్యాస.

సరిగ్గా అప్పుడే కుడి భుజంలో నొప్పి మొదలైంది. చొక్కా తొడుక్కోవడమూ కష్టమైంది. కెప్టెన్‌కు చెబితే పేరు కొట్టేస్తాడని భయం. కాలు పోగొట్టుకున్నా బుద్ధి రాలేదు మరి, పెయిన్ కిల్లర్ మింగి నెలన్నర ఈదాను. సెలెక్షన్ రోజు చివరి ఇరవై అయిదు మీటర్లలో భుజంలో ఏదో తెగినట్టయింది. ఒంటిచేత్తో వచ్చి గోడ ముట్టుకున్నాను.

ఎమ్మారైలో రొటేటర్ కఫ్ టేర్, అంటే భుజాన్ని పట్టి ఉంచే కండర తాళ్లు తెగాయని తేలింది. ఆపరేషన్ చేశారు. ఈత కొట్టుకో, పోటీలు మర్చిపో అన్నాడు డాక్టరు. కెప్టెన్ మంచం పక్కన కూర్చుని తనకొచ్చిన హిందీలో, "మొదటి రోజే చెబితే నాలుగు వారాలు ఆపి, నీ చోటు నీకే ఉంచేవాణ్ణి. ఇప్పుడు ఖలాస్" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

ఇప్పుడు 2008. షుగరు అదుపులో ఉంది. శుక్రవారాలు క్లబ్బుకెళ్లి నెమ్మదిగా ఈదుతాను. పోటీలుంటే గట్టు మీద కూర్చుంటాను. 'టేక్ యువర్ మార్క్స్' అన్నాక బజరు మోగేదాకా కొలనంతా నిశ్శబ్దమైపోతుంది. కుర్చీలో ఉన్న నా ఒళ్లు దానంతటదే ముందుకు వంగుతుంది. పతకం సంగతి ఎలా ఉన్నా, ఆ నిశ్శబ్దంలో ఇంకొక్కసారి నిలబడాలని ఉంది. పోయిన కాలు కోసం కూడా నేనింత బెంగపడలేదు.

క్యాంపుల్లో ఉండే అన్నదమ్ములకు ఒక్క మాట. డ్యూటీ నుంచి వచ్చి షూ విప్పగానే రెండు అరికాళ్లూ చేత్తో తడిమి చూసుకోండి. తేడా ఉంటే ఆ రోజే చెప్పండి. చెబితే ఇంటికి పంపేస్తారేమో. పంపినా, మొత్తం మనిషిని పంపుతారు.