పలకరించని బోర్డు

బుంగోమాలో యంత్రాలు బాగుచేసే సిమియూని ఊరంతా ఫుండీ, అంటే మెకానిక్కు, అని పిలుస్తుంది. మాట్లాడుతున్నంతసేపూ కేబులు ముక్కను వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉంటాడు. తప్పు తనది కాదని చెప్పేటప్పుడు మరీ బిగిస్తాడు. ఆసుపత్రిలో టీకాల ఫ్రిజ్ చల్లదనాన్ని పెన్‌డ్రైవ్‌లోకి నమోదు చేసే బోర్డు అతని చేతి పనే. పెన్‌డ్రైవ్‌లో ఒక్క అంకె కూడా పడలేదని పిలిపిస్తే, "సిస్టరు తొందరపడి పెన్‌డ్రైవ్ లాగేసుంటుంది" అని అందరి ముందూ అనేశాడు. ఆ మాటతో డాక్టరు నర్సు నెకేసాను టీకాల గది నుంచి తప్పించారు.

బోర్డును ఇంటికి తెచ్చి చూస్తే అందులోని చిప్ సెట్టింగు, తన ల్యాప్‌టాప్‌తో పరీక్షించినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. యూఎస్‌బీలో ఒకటి అడగాలి, రెండోది జవాబివ్వాలి. ఇంట్లో అడిగింది ల్యాప్‌టాప్, జవాబిచ్చింది బోర్డు. ఆసుపత్రిలో బోర్డే పెన్‌డ్రైవ్‌కు కరెంటిచ్చి, పలకరించి, పని చెప్పాలి. ఆ పాత్ర మార్చడం అతనే మరిచాడు. అక్కడ రెండూ ఎదుటిదాని పిలుపు కోసం ఊరికే కూర్చున్నాయి.

మర్నాడు ఆసుపత్రి వరండాలో నెకేసా దగ్గరికెళ్ళి, "తప్పు నాదే సిస్టర్" అని గొణిగాడు. ఆమె కట్టుగుడ్డలు మడతపెడుతూనే, "ఆ రోజు గొంతు బాగానే లేచిందిగా ఫుండీ, ఇవాళేమైంది?" అంది. బల్లల మీది రోగులు తిరిగి చూశారు. సిమియూ చెవులు కాలిపోతుండగా, వరండా అంతా వినబడేలా మళ్ళీ చెప్పాడు. డాక్టరు గది తలుపు తెరుచుకుంది. అతను తలెత్తలేకపోయాడు గాని, మాట ఆపలేదు.