ఢిల్లీ మావ పది గంటల రూలు

మా ఢిల్లేశ్వరరావు మావ ఒక చోట కుదురుగా కూర్చునేది బస్సు స్టీరింగు ముందే. ఇంట్లో అన్నం కూడా నడుస్తూనే తింటాడు. కంచం పట్టుకుని వాకిట్లోకి, వాకిట్లోంచి పెరట్లోకి. పార్వతత్త విసిగిపోయి అరుగు మీద పీట వేసి, "ఇది స్టేజీ. ఇక్కడ ఆగాల" అంది. ఆగుతాడు. రెండు ముద్దలకి మళ్లీ బయల్దేరతాడు.

ఆయన ఆర్టీసీ డ్రైవరు. కవిటి దాటాక సముద్రం వైపు ఉన్న మా ఊళ్లో రాత్రిపూట నిద్రపోయే నైట్ హాల్ట్ బస్సు ఆయన చేతిలో ఉంది. తెల్లవారి ఐదున్నరకి తీస్తే ఏడుకల్లా పలాస. ముందు సీట్లన్నీ డయాలసిస్ వాళ్లవి. కవిటిలో వంతు దొరకనివాళ్లు వారానికి మూడు రోజులు ఆ బస్సులో వెళ్లి నాలుగేసి గంటలు మెషీను పక్కన పడుకుని వస్తారు. మాది కిడ్నీలు పాడైపోయే ఉద్దానం. మా ఊళ్లో ఎదురుపడితే బాగున్నావా అని అడగరు. క్రియాటినిన్ ఎంత అని అడుగుతారు.

మావకి పామంటే భయం లేదు, తుఫానంటే భయం లేదు. డిపోలో ఊదే మిషనంటే మాత్రం చచ్చే భయం. డ్యూటీ ఎక్కే ముందు డ్రైవరు దాని గొట్టంలో ఊదాలి. కిందటేడు ఊదితే అంకె వచ్చింది. ఇంకోసారి వస్తే ఉద్యోగం మీదికొస్తుందని సంతకం పెట్టించుకుని వదిలేశారు. అప్పట్నుంచి ఆయన వారానికి ఒక్కరోజే తాగుతాడు, అదీ సెలవు రోజున. పైగా ఒక రూలు కనిపెట్టాడు. ఆఖరి గుక్క దిగాక పది గంటలు గడిస్తే ఒంట్లో చుక్క ఉండదు. ఎవరు చెప్పారంటే, "నా ఒల్లే సెప్పింది" అంటాడు.

నైట్ హాల్ట్ బండిలో ఇంకో సుఖం కూడా ఉంది. తెల్లవారి బయల్దేరేటప్పుడు ఊళ్లో మిషను ఉండదు. పలాస వెళ్లాక, తొమ్మిదిన్నర ట్రిప్పుకి ముందే ఊదుడు.

ఆ ఆదివారం మా ఊళ్లో అమ్మోరి సంబరం. మావకీ బండికీ సెలవు. మధ్యాహ్నం రెండింటికి మొదలుపెట్టి, దీపాలు పెట్టే వేళకి ఆపేశాడు. అరసీసా బ్రాందీ, మీద తాటికల్లు. కల్లుని ఆయన మందు కింద జమ కట్టడు, కూరగాయల కింద కడతాడు. ఏడు గంటలకి గ్లాసు బోర్లించి, "ఏడు. ఐదింటికి పది గంటలు. పాసు" అని అందరికీ వినపడేలా చెప్పాడు.

సోమవారం తెల్లవారి లేచేసరికి తల బరువుగా ఉంది. పార్వతత్త దగ్గరికొచ్చి గాలి పీల్చింది.

"ఓలమ్మ, ఇంకా కొడతన్నాది."

"పది గంటలైపోనాది కదే!"

"గడియారానికి అయిపోనాది. నీ నోటికి అవలేదు."

అప్పుడు మొదలైంది ఆయన తిరుగుడు. మావది ఉద్దానం బుర్ర. మాకు ఒంట్లో ఏ చెత్త ఉన్నా కిడ్నీలోంచే పోవాలి. కిడ్నీలు బాగున్నవాడు అదృష్టవంతుడు, ఎంత తాగితే అంత కడుక్కుపోతుంది. ఆ లెక్కన పెరట్లో రాత్రి దింపిన బొండాలు కొట్టుకుని వరసగా ఆరు తాగాడు. తాగడం, తోటలోకి పరిగెత్తడం, వంగి రంగు చూసుకోవడం. ఆరోసారికి నీళ్లలా తెల్లగా వచ్చింది.

"పార్వతీ! అంతా ఎల్లిపోనాది! తెల్లగొచ్చింది!"

"ఊరందరికీ సెప్పు, సంబరంలో మైకు ఇంకా దింపనేదు" అంది అత్త లోపల్నుంచి.

ఖాకీ చొక్కా వేసుకుని బస్సు దగ్గరికి వెళ్లాడు. కండక్టరు ఇంద్రజ పక్కవీధి పిల్లే, టికెట్ మిషను సరిచూసుకుంటోంది. డయాలసిస్ వాళ్లు తొమ్మిదిమంది అప్పటికే నిలబడి ఉన్నారు. వాళ్లలో గణపతిరావు పెదనాన్న ఒకడు. ఒకప్పుడు ఇరవై ఎకరాల జీడితోటలకి పెత్తనం చేసిన మనిషి. ఇప్పుడు రోజుకి అర లీటరు నీటికి మించి తాగకూడదు. సొంత కొబ్బరితోటలో ఉండి బొండాం ముట్టకూడదు, అందులో పొటాషియం ఉంటుందట, గుండె ఆగిపోతుందట. ఆయన సీటు డ్రైవరు వెనకే.

"ఒరే ఢిల్లీ, కంపు కొడతన్నావు" అన్నాడు, పలకరింపు కూడా లేకుండా.

"పదిన్నర గంటలైపోనాది పెదనాన్నా. మీద ఆరు బొండాలు తాగీసినాను. తెల్లగొచ్చింది."

పెదనాన్న ఆయన్ని పైనుంచి కింద దాకా చూశాడు. "ఆరు బొండాలా! నా ముందు ఎలా సెప్పుకున్నావురా. అయినా మందుని దింపేది కిడ్నీ కాదు. లివరు. డాక్టరు మా వార్డులో సెప్పినాడు. లివరు తన నడకే నడుత్తాది, ఎవలు తరిమినా పరిగెట్టదు. బొండాం తాగినా, మజ్జిగ తాగినా, సన్నీల్ల తానం సేసినా, దానికి పట్టదు. గంటకి ఒక చిన్న పెగ్గు. నిన్న ఎన్నేసినావు?"

"అరసీసా."

"పన్నెండు చిన్న పెగ్గులు. కల్లు?"

"కల్లు కూడానా?"

"కల్లు కూడానురా. నాలుగైదు కట్టు. అంటే పదహారు, పదిహేడు గంటలు. అదీ గట్టి ఒంటికి. రెండింటి కాణ్నించి సూసుకున్నా తెల్లారి ఏడు దాటాల. నువ్వు ఆపినకాణ్నించి లెక్కెట్టావు. ఎంత తాగినావో లెక్కెట్టనేదు."

మావ బస్సు చుట్టూ ఒక చుట్టు తిరిగొచ్చాడు. టైరుని తన్ని చూశాడు. ఇంకో చుట్టు తిరిగాడు.

"తొమ్మిదిన్నరకి కదా ఊదుడు" అన్నాడు మెల్లగా, ఇంద్రజ వైపు తిరిగి. "అప్పటికి దిగిపోద్ది కదా?"

ఇంద్రజ తలెత్తలేదు. "దిగిపోద్దేమో మావా. నాను ఊదే మిషను కాదు. నన్నడగొద్దు."

"ఇప్పుడు ఫోను సేసి తాగున్నానని సెప్తే రెండోసారి అవుద్దే. ఉద్యోగం పోద్ది."

"అలాగని మానేత్తే ఈలంతా ఏటైపోతారు?" అంది ఇంద్రజ.

గణపతిరావు పెదనాన్న కాళ్లు వాచిపోయి చెప్పుల్లో పట్టడం లేదు. గొంతు తగ్గించి అన్నాడు: "శుక్రవారం కాణ్నించి నీరు పట్టీసింది. ఇవాల తప్పితే రేతిరికి ఊపిరాడదు. నువ్వెక్కమంటే ఎక్కుతాను. నీ నోటితో సెప్పు."

మావ గబుక్కున సీటెక్కి బండి స్టార్ట్ చేశాడు. అందరూ ఎక్కారు. మా బస్సు వీధి చివర మలుపులో వెనక్కి తిప్పుకుని బయల్దేరాలి, రోజూ కళ్లు మూసుకుని తిప్పుతాడు. ఇంద్రజ వెనక నిలబడి "రైట్... రైట్..." అంటోంది. "హోల్డాన్!" అంది. మావ కాలు బ్రేకు మీద పడింది. కానీ ఆయన అనుకున్నదానికన్నా ఆలస్యంగా పడింది. ఆ మధ్యలో చెయ్యి వెడల్పంత దూరం బండి తనంతట తాను వెనక్కి వెళ్లింది. ఇంద్రజ ఎగిరి పక్కకి దూకింది. ఏమీ తగల్లేదు, ఎవరికీ ఏమీ కాలేదు.

మావ ఇంజను ఆపేశాడు. తాళం తీసి ఇంద్రజ చేతిలో పెట్టాడు. డిపోకి ఫోన్ చేశాడు. కంట్రోలరు మహీధర్ ఎత్తాడు.

"సార్, నైట్ హాల్టు ఢిల్లేశ్వర్రావుని. నాను ఊదితే వత్తాది సార్. బండి తీయలేను."

"జొరం అని సెప్పరాదా?" అన్నాడు మహీధర్.

"జొరం నేదు సార్."

స్పేర్ డ్రైవరు రావాలంటే ఎనిమిది దాటుతుంది. ఇక మావ ఊరంతా పరిగెత్తాడు. ఊళ్లో ఆటోలు ఆరు. అయిదు ఆటోల వాళ్లు అమ్మోరి ప్రసాదం మత్తులోంచి ఇంకా లేవలేదు. వెంకటేష్ ఒక్కడే కడుపులో పుండు పుణ్యమా అని తాగలేదు. వాణ్ని దుప్పటితో సహా లాక్కొచ్చాడు. అయిదుగురు ఆటోలో సర్దుకున్నారు. మిగతా నలుగురికీ రేవు నుంచి పలాస వెళ్లే చేపల వ్యాను ఆపి, డ్రైవరు నోటి దగ్గర ముక్కు పెట్టి వాసన చూసి మరీ ఎక్కించాడు. ఆ డ్రైవరుకి ఒళ్లు మండిపోయింది. "నువ్వా నన్ను వాసన సూసేది?" అన్నాడు. ముందు సీటు గణపతిరావు పెదనాన్నది. వెనక ఐసు పెట్టెల మీద ముగ్గురు పేషెంట్లు, మావ. దారంతా మావ కూర్చోలేదు, నిలబడలేదు. ప్రతి మలుపులోనూ "మెల్లగా, మెల్లగా" అని డ్రైవరుకి పాఠాలు చెబుతూనే ఉన్నాడు.

ముప్పావుగంట ఆలస్యంగా చేరారు. నర్సు తిట్టింది, కానీ బెడ్లు ఉన్నాయి. ఒక్కొక్కరినీ లోపలికి పంపి, చొక్కాకి చేపల నీళ్లు అంటుకుని ఉండగానే మావ డిపోకి నడిచాడు. ఎనిమిదింబావుకి ఊదాడు. పద్నాలుగు వచ్చింది. ఎక్కువేం కాదు, రోడ్డు మీద పోలీసులైతే ముప్పై దాటితేనే పట్టుకుంటారు. డిపోకి మాత్రం ఒకటైనా పద్నాలుగైనా ఒకటే. మహీధర్ రాసుకున్నాడు.

"ఇంటికెల్లిపో మావా. కాగితం వత్తాది."

వెళ్లలేదు. గేటు దగ్గర అటూ ఇటూ తిరిగాడు. తొమ్మిదింబావుకి మళ్లీ లోపలికొచ్చి, "డ్యూటీకి కాదు సార్, ఊరికే. ఒక్కపాలి ఊదుతాను" అన్నాడు. ఊదాడు. సున్నా.

మహీధర్ మిషను వైపు చూసి, ఆయన వైపు చూశాడు. "సూసినావా? గమ్మున బండి తీసేసుంటే ఇప్పుడు సున్నా వచ్చును. ఎవలికీ తెలీదు."

"తెలీదు సార్" అన్నాడు మావ. "హోల్డాన్ అన్నప్పుడు ఇంద్రజ ఇంకో అడుగు బండికి దగ్గిరగా ఉండుంటే మాత్రం..."

సస్పెన్షను కాగితం మూడోరోజు వచ్చింది, మూడు నెలలు. ఆ తరవాత మళ్లీ తీసుకుంటారో లేదో అందులో రాయలేదు. ఇప్పుడు మావ తెల్లవారకుండానే లేచి, డ్యూటీ లేకపోయినా బస్సు దగ్గరికి వెళ్తాడు. కొత్త డ్రైవరుతో "నిన్న ఎన్నేసినావు?" అంటాడు. ఎన్నింటికి ఆపావని అడగడు.