గుడ్ల డబ్బా

జనగామ బజార్లో కిరాణా కొట్టు నడిపే బ్రహ్మానందం భార్య సునంద ఎంత ఆచారం మనిషో చెప్పాలంటే ఒక్క సంగతి చాలు. సొంత ఇంట్లోనే ఉన్న వెనక గదిలోకి ఆమె రెండేళ్లుగా అడుగు పెట్టలేదు. ఆ గదిలో కోడలు వాసవి ఒవెన్ ఉంది. అందులో కేకులు చేస్తుంది. కేకుల్లో గుడ్డు ఉంటుంది. ఇంక చెప్పేదేముంది!

సునంద దాన్ని ఒవెన్ అని కూడా అనదు, "గుడ్ల డబ్బా" అంటుంది. పుట్టిల్లు ఘనపూర్‌లో గానీ మెట్టినింట్లో గానీ గుడ్డు గడప దాటి ఎరగదు మరి. అయినా కోడలు ముచ్చటపడి కొనుక్కుంటే వద్దనలేదు. ఒక్కటే కట్టడి పెట్టింది. ఆ గదిలో వాడిన గుడ్డ, పీచు, గిన్నె ఏదీ వంటింట్లోకి రాకూడదు, వంటింటివి అక్కడికి పోకూడదు. ఆ గదికేమో కుళాయి లేదు. రోజూ బకెట్లతో నీళ్లు మోసి ఎవరు కడుగుతారండీ? వాసవి పైపైన తుడిచి వదిలేసేది. వెన్న చిట్లి, పిండి పొంగి, మాడి, మాడిన దాని మీదే మళ్లీ మాడి, లోపలంతా నల్లటి పెచ్చు కట్టింది. తలుపు అద్దంలోంచి లోపలి బల్బు కూడా కనిపించడం మానేసింది.

ఒక రోజు పొద్దున అది కాస్తా పగబట్టింది. పక్క గల్లీలోని దర్జీ అమీర్ అలీ తన మనవరాలు కహ్కషాన్ పుట్టినరోజుకు కేకు చెప్పాడు. సాయంత్రానికి ఇవ్వాలి. వాసవి కేకు లోపల పెట్టిన కాసేపటికే పాత మాడు రాజుకొని ఇల్లంతా పొగ! కొట్లోంచి బ్రహ్మానందం దగ్గుకుంటూ పరిగెత్తుకొచ్చాడు.

"ఏంది వాసవీ ఇది? ఇల్లు తగలవెడ్తవా? ఇంకొక్కసారి పొగ వచ్చిందంటే దాన్ని ఇంట్లకెల్లి తీసేపిస్త. మల్ల నన్నేమనొద్దు!"

మామగారి మాటంటే మాటే. పొగ వాసన పట్టిన కేకు ఎలాగూ పనికిరాదు. ఆ కంగారులో వాసవి, ఒవెన్ ఇంకా వేడిగా ఉందన్న ధ్యాస లేకుండా తుడవబోయింది. కుడి అరచెయ్యి చుర్రుమంది.

నీళ్ల గిన్నెలో చెయ్యి ముంచుకొని, కింద కూలబడి ఏడుస్తుంటే గడప అవతల అత్తగారు వచ్చి నిలబడింది.

"బాగ కాలిందా బిడ్డా?"

"చెయ్యి సంగతి కాదత్తమ్మా. ఇది కడగకపోతే మళ్ల పొగొస్తది. ఈ చేత్తోని ఎట్ల రుద్దాలె? ఇంక ఇది ఇంట్ల ఉండదు."

సునంద కోడలి చెయ్యి చూసింది, ఒవెన్ చూసింది. గిర్రున తిరిగి వెళ్లిపోయింది. పోయిందిలే అనుకుంటుండగానే బకెట్ నిండా నీళ్లతో తిరిగొచ్చింది. రెండో చేతిలో వంటింటి పీచు! ఏ పీచుకయితే ఈ గది గాలి కూడా సోకకూడదందో, ఆ పీచే. చీర కుచ్చిళ్లు బొడ్లో దోపుకొని గడప దాటేసింది.

వాసవి ఏడుపు ఠక్కున ఆగిపోయింది. "అయ్యో, మీరొద్దు! లోపలంత గుడ్డే ఉన్నది!"

"ఉంటే ఉండనియ్యి. ఇంట్ల నీళ్లు లేవా, తానం చెయ్యరాదా? ఎట్ల రుద్దాల్నో నువ్ చెప్పు."

వైరు పీకి చల్లారనివ్వాలనీ, వంటసోడా ముద్దలా కలిపి పూసి నాననివ్వాలనీ, లోపల వేడెక్కే రాడ్ల మీద తడి పడొద్దనీ వాసవి చెప్పింది. అత్తగారు బడిపిల్లలా తలూపుతూ విన్నది. అన్నీ అలాగే చేసి, మోకాళ్ల మీద కూర్చొని, తల లోపలికి దూర్చి రుద్దడం మొదలుపెట్టింది. మోచేతుల దాకా నల్లటి జిడ్డు. ఎండిన సొన పెచ్చులు గోళ్లలో ఇరుక్కున్నాయి. "అబ్బబ్బ, ఏం కంపే తల్లీ!" అని ముక్కు చిట్లిస్తోంది గానీ చెయ్యి ఆపదు. మధ్యలో బ్రహ్మానందం తొంగిచూసి, భార్య ఏ గదిలో ఉందో చూసుకొని, కిక్కురుమనకుండా కొట్లోకి వెళ్లిపోయాడు.

గుడ్డు పేరు వింటేనే నోరు పుక్కిలించే మనిషి ఇవాళ కోడలి కోసం అందులోనే చేతులు పెట్టింది. వాసవికి ఆ కాళ్లకు దండం పెట్టాలనిపించింది.

తడి ఆరాక ఖాళీగా వేసి చూశారు. పొగ లేదు. వాసవి ఎడమ చేత్తోనే కహ్కషాన్ కేకుకు మళ్లీ పిండి కలిపి లోపల పెట్టింది. అత్తగారి స్నానానికి వేణ్ణీళ్లు తోడి, ఉతికిన చీర తీసిపెట్టి వచ్చింది.

"అత్తమ్మా, నీళ్లు తోడిన."

సునంద జిడ్డు చేతులు ఒళ్లో పెట్టుకొని ఒవెన్ అద్దం ముందే కూర్చుంది. లోపల పచ్చటి వెలుగు. ఆ వెలుగులో పిండి మెల్లగా, చప్పుడు లేకుండా పైకి లేస్తోంది.

"వాసవీ, జర ఇటు రా! కింద మంట కనవడదు, ఊదేటోళ్లు లేరు. పాణమున్నట్టు లేస్తున్నది చూడు. ఎవ్వలు లేపుతున్నరే దీన్ని?"

వాసవి కాస్త జంకింది. "గుడ్డే అత్తమ్మా. గుడ్డే లేపుతది."

"గుడ్డా!" సునంద కళ్లు పెద్దవయ్యాయి. అద్దానికి ఇంకాస్త దగ్గరగా జరిగింది.

"మరి తానం? నీళ్లు చల్లారిపోతయ్."

"చల్లారనియ్యి. కొత్తింట్ల పాలు పొంగంగ ఎవలన్న నడుమల లేచి పోతరా? మన పొయ్యి పొంగుతున్నది. కూసో."

వాసవి కాలిన చెయ్యి జాగ్రత్తగా పెట్టుకొని అత్తగారి పక్కన కూర్చుంది.